ఫంక్షన్లను గొలుసుగా కలిపే పైపు ఆపరేటర్: చదవడానికి వీలుగా రూపొందించే పద్ధతి

సొంతంగా చిన్న భాష తయారు చేసుకుంటున్నవాళ్లు తరచుగా ఒక ప్రశ్న అడుగుతారు: ఫంక్షన్లను వరుసగా కలపడానికి, అంటే ఎడమవైపు విలువను కుడివైపు ఫంక్షన్‌కు అందించే పైపు ఆపరేటర్‌కు, ఏ గుర్తు పెడితే బాగుంటుంది? గుర్తు సంగతి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. అసలు చిక్కు మూడు చోట్ల ఉంది. ఎడమవైపు విలువ కుడివైపు ఫంక్షన్‌లో ఏ స్థానానికి చేరుతుంది? పక్కనున్న కూడికలనూ పోలికలనూ ఆపరేటర్ ఎంతవరకు తనలోకి లాక్కుంటుంది? పంక్తి మారితే గొలుసు తెగుతుందా? ఈ మూడూ తేల్చకుండా విడుదల చేస్తే తర్వాత మార్చడం కష్టం. అప్పటికి జనం ప్రోగ్రాములు రాసేసి ఉంటారు.

లెక్సర్ (కోడ్‌ను టోకెన్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టేది), పార్సర్ (ఆ టోకెన్ల నుంచి వాక్యనిర్మాణాన్ని గుర్తించేది) నడుస్తున్న ఒక భాష మీ చేతిలో ఉందని అనుకుని ఇది రాస్తున్నాను. ఉదాహరణల్లోని కోడ్ ఏ నిజమైన భాషదీ కాదు, నమూనా భాషది. నిజమైన భాషల ప్రవర్తన చెప్పిన చోట వాటి పేరు చెబుతాను. గొలుసులోని ఒక్కో ఫంక్షన్ కాల్‌ను 'అంచె' అంటాను.

## 1. వ్యాకరణం కన్నా ముందు ప్రోగ్రాములు రాయండి

మీ భాషలో ఇప్పటికే రాసిన కోడ్ నుంచి, ఒక ఫంక్షన్ ఫలితం నేరుగా ఇంకో ఫంక్షన్‌కు వెళ్లే చోట్లను ఒక ఇరవై ఏరండి. కల్పించిన ఉదాహరణలు పనికిరావు. అవి ఎప్పుడూ మీరు ముందే ఊహించుకున్న ఆపరేటర్‌కు అనుకూలంగానే ఉంటాయి.

ఏరిన ప్రతి ముక్కనూ మూడు రకాలుగా రాయండి. మొదటిది ఒకదానిలో ఒకటి పొదిగిన రూపం:

```
లెక్కించు(వడకట్టు(విడగొట్టు(శుభ్రపరచు(వాక్యం), " "), పొడుగైనది))
```

రెండోది మధ్యలో పేర్లు పెట్టిన రూపం:

```
శుభ్రం = శుభ్రపరచు(వాక్యం)
పదాలు = విడగొట్టు(శుభ్రం, " ")
పెద్దవి = వడకట్టు(పదాలు, పొడుగైనది)
లెక్కించు(పెద్దవి)
```

మూడోది గొలుసు రూపం:

```
వాక్యం
  |> శుభ్రపరచు()
  |> విడగొట్టు(" ")
  |> వడకట్టు(పొడుగైనది)
  |> లెక్కించు()
```

మొదటి రూపంలో `" "` ఏ ఫంక్షన్‌కు చెందినదో తెలుసుకోవాలంటే బ్రాకెట్లు లెక్కపెట్టుకోవాలి. పైపు తీర్చాల్సిన ఇబ్బంది అదే. రెండో రూపంలో `పదాలు`, `పెద్దవి` లాంటి పేర్లు చదివేవారికి ఏదైనా చెబుతుంటే, ఆ ముక్కకు పైపు అక్కర్లేదని రాసుకోండి. `తాత్కాలికం1`, `తాత్కాలికం2` అని తప్ప పేరు దొరకని చోటే పైపుకు నిజమైన పని ఉంటుంది. ఏరిన ముక్కల్లో అలాంటివి నాలుగైదు మించకపోతే ఈ పని వాయిదా వేసుకోవడమే మేలు.

మొదలుపెట్టే ముందు ఈ ప్రశ్నలకు జవాబులు కాగితం మీద పెట్టుకోండి:

- [ ] మీ లైబ్రరీ ఫంక్షన్లలో ప్రధాన డేటా మొదటి ఆర్గ్యుమెంటా, చివరిదా? ఎన్ని ఫంక్షన్లు ఆ ఆచారాన్ని తప్పాయి?
- [ ] కొన్ని ఆర్గ్యుమెంట్లే ఇచ్చి, మిగతావి తర్వాత ఇచ్చే వీలు భాషలో ఉందా?
- [ ] పంక్తి మారడం వాక్యాన్ని ముగిస్తుందా, లేక సెమికోలన్ ఉందా?
- [ ] లాంబ్డా (పేరు లేని ఫంక్షన్) ఎలా రాస్తారు? అది ఎక్కడ ముగుస్తుంది?
- [ ] `|`, `>`, `->`, `%`, `^`, `_` వీటిలో ఏవి ఇప్పటికే వాడుకలో ఉన్నాయి?
- [ ] వైఫల్యాలు ఎక్సెప్షన్లుగా వస్తాయా, విలువలుగానా?
- [ ] చుక్క పెట్టి మెథడ్‌లను పిలిచే వాక్యనిర్మాణం ఉందా?

చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొత్తం పనినే రద్దు చేయగలదు. డీ, నిమ్ భాషల్లో `క.చ(ట)` అని రాస్తే `చ(క, ట)` అన్న మామూలు ఫంక్షన్ కాల్‌గానే పనిచేస్తుంది. మీ భాషలో చుక్కకు ఆ అర్థం ఇవ్వగలిగితే కొత్త ఆపరేటర్ అవసరమే లేదు. ఒకే పనికి రెండు వాక్యనిర్మాణాలు పెడితే ప్రతి జట్టులోనూ ఏది వాడాలన్న వాదన మొదలవుతుంది.

## 2. విలువ ఏ స్థానానికి చేరాలో తేల్చండి

అన్నిటికన్నా పెద్ద నిర్ణయం ఇది. వాడుకలో నాలుగు పద్ధతులు ఉన్నాయి.

### 2.1 కుడివైపున ఉన్నది ఫంక్షన్ విలువ

`క |> చ` అంటే `చ(క)`, అంతే. ఎఫ్ షార్ప్, ఓకామల్, ఎల్మ్, జూలియా ఈ దారిలో ఉన్నాయి. 2025లో వచ్చిన పీహెచ్‌పీ 8.5 కూడా ఇదే ఎంచుకుంది. నియమం ఒక్క ముక్కలో చెప్పేయవచ్చు, మినహాయింపులు ఉండవు.

ఇబ్బందల్లా రెండు ఆర్గ్యుమెంట్ల ఫంక్షన్‌తోనే. ఓకామల్‌లో కొన్ని ఆర్గ్యుమెంట్లు ఇచ్చి ఆపడం మామూలే కాబట్టి ఆ ఇబ్బంది బయటపడదు. అలాంటి వీలు లేని భాషలో ఈ పద్ధతి పెడితే దాదాపు ప్రతి అంచెలోనూ లాంబ్డా రాయాల్సి వస్తుంది. అప్పుడు బ్రాకెట్లు తగ్గకపోగా పెరుగుతాయి.

ఈ పద్ధతిలో డేటా చివరి ఆర్గ్యుమెంట్‌గా ఉండాలి. క్రమం ముఖ్యమైన ఫంక్షన్ల దగ్గర ఇది మోసం చేస్తుంది. ఎఫ్ షార్ప్‌లో `10 |> (-) 3` అని రాసి చూడండి. పది లోంచి మూడు తీసేస్తున్నట్టు కనిపిస్తుంది. వచ్చే జవాబు మాత్రం -7, ఎందుకంటే అది `3 - 10` అవుతుంది. తీసివేత, భాగహారం, జాబితాలను అతికించడం, పోల్చి చూడటం — మీ లైబ్రరీలో ఇలాంటి ఫంక్షన్లన్నిటినీ ఒక చోట రాసుకుని, గొలుసులో పెట్టి, గట్టిగా చదివి చూడండి.

### 2.2 మొదటి ఆర్గ్యుమెంట్‌గా చొప్పించడం

`క |> చ(ట)` అంటే `చ(క, ట)`. ఎలిక్సిర్, గ్లీమ్ ఇలా చేస్తాయి. ఆర్ భాషలో 2021లో 4.1తో వచ్చిన సొంత పైపు కూడా ఇదే. లాంబ్డాలు చాలావరకు తప్పుతాయి.

దీనికి చెల్లించే మూల్యం ఒకటుంది. `చ(ట)` విడిగా కనిపిస్తే ఒక ఆర్గ్యుమెంట్‌తో చేసిన కాల్, పైపు పక్కన కనిపిస్తే రెండు ఆర్గ్యుమెంట్లతో చేసిన కాల్. ఒకే అక్షరాలకు రెండు అర్థాలు. అందుకే ఈ పద్ధతి ఎంచుకుంటే ఖాళీ బ్రాకెట్లను తప్పనిసరి చేయండి. ఆర్‌లో `క |> చ` అని బ్రాకెట్లు లేకుండా రాస్తే దోషం వస్తుంది. అది మంచి కట్టుబాటు. కుడివైపున కాల్ మాత్రమే ఉండాలన్న నియమం ఉంటే, `చ(ట)` అనేది ఫంక్షన్‌ను తిరిగి ఇచ్చే కాల్ కావచ్చన్న సందేహం పార్సర్‌కూ ఉండదు, మనిషికీ ఉండదు.

### 2.3 చివరి ఆర్గ్యుమెంట్‌గా చొప్పించడం

క్లోజర్‌లో `->` మొదటి స్థానంలో, `->>` చివరి స్థానంలో చొప్పిస్తాయి. రెండూ ఎందుకంటే, ఆ భాష లైబ్రరీలో ఒక రకం ఫంక్షన్లు డేటాను మొదట, ఇంకో రకం చివర తీసుకుంటాయి. ఒకే గొలుసులో రెండు రకాలూ కలిస్తే రాసేవారికి తిప్పలే. కొత్త భాషలో దీన్ని అనుకరించకండి. లైబ్రరీని ఒక ఆచారానికి తీసుకురావడం రెండో ఆపరేటర్ పెట్టడం కన్నా చౌక.

### 2.4 చోటు చూపే గుర్తు

`క |> చ(ట, _)` అని విలువ ఎక్కడికి వెళ్లాలో రాసేవారే చూపిస్తారు. హ్యాక్ భాషలో ఆ గుర్తు `$$`. జావాస్క్రిప్ట్ పైపు ప్రతిపాదన 2021లో ప్రామాణీకరణ రెండో దశకు చేరినప్పుడు ఈ పద్ధతినే తీసుకుంది. అక్కడ ఎక్కువ వాదన ఆ గుర్తు ఏదన్నదాని మీదే నడిచింది, ఎందుకంటే `%`, `^`, `#` అన్నిటికీ ఆ భాషలో ఇప్పటికే ఉద్యోగాలున్నాయి.

ఇది అన్నిటికన్నా స్పష్టం, అన్నిటికన్నా గజిబిజి కూడా. ప్రతి అంచెలోనూ `_` కనబడుతుంటే కంటికి అది చుక్కల ముగ్గులా తోస్తుంది.

### 2.5 నా సిఫారసు

కొన్ని ఆర్గ్యుమెంట్లే ఇచ్చే వీలు మీ భాషలో సహజంగా ఉంటే 2.1 తీసుకోండి, డేటాను చివర పెట్టండి. లేకపోతే 2.2 తీసుకుని, డేటా వేరే స్థానంలో ఉండాల్సిన అరుదైన సందర్భాలకు `_` అనుమతించండి. `_` పెడితే ఈ నియమాలు ముందే రాసి పెట్టుకోండి:

- [ ] ఒక అంచెలో `_` ఉంటే మొదటి ఆర్గ్యుమెంట్‌గా చొప్పించడం జరగదు.
- [ ] `_` ఆ అంచె కాల్ ఆర్గ్యుమెంట్లలో నేరుగా ఉండాలి, వాటి లోపలి కాల్‌లలో కాదు.
- [ ] ఒక అంచెలో `_` ఎన్నిసార్లు రావచ్చు? ఆర్‌లో 4.2 నుంచి ఉన్న `_` ఒక్కసారే, అదీ పేరున్న ఆర్గ్యుమెంట్‌కే ఇవ్వాలి.
- [ ] లాంబ్డా లోపల `_` కనిపిస్తే దోషం.
- [ ] పైపు లేని చోట `_` కనిపిస్తే దోషం, మౌనంగా మామూలు పేరుగా తీసుకోకూడదు.

రెండో నియమం కఠినంగా అనిపించవచ్చు. `క |> చ(ఠ(_), ట)` రాయనివ్వకపోవడం ఎందుకని అడుగుతారు. అది `క |> ఠ() |> చ(ట)` అని ఇంకా సూటిగా రాయవచ్చు కాబట్టి.

## 3. గుర్తు

`|>` తీసుకోండి. చాలా భాషల్లో అదే ఉంది, దిశ చూపిస్తుంది, ఏ కీబోర్డులోనైనా దొరుకుతుంది. వేరేది కావాలనుకుంటే మూడు పరీక్షలు పెట్టండి.

ఒకటి, ఆ గుర్తుతో ఏ వ్యక్తీకరణా మొదలు కాకూడదు. `-` లాంటిదైతే అది ముందు వచ్చే మైనస్‌గానూ చెల్లుతుంది. అప్పుడు 5వ అంశంలోని పంక్తి నియమం పనిచేయదు. రెండు, లాంబ్డా బాణంతో కలవకూడదు. రీస్క్రిప్ట్ పైపుకు `->` వాడగలిగిందంటే, అక్కడ లాంబ్డాకు `=>` ఉంది. మూడు, లెక్సర్ వీలైనంత పొడవైన టోకెన్‌ను తీసుకుంటుంది కాబట్టి `క||>చ` లాంటి ఇరుకు రాతలో ఏ టోకెన్లు వస్తాయో ఓసారి చూసుకోండి.

వెనక్కి నడిచే `<|` జంటను మొదటి విడుదలలో పెట్టకండి. ఒకే పంక్తిలో రెండు దిశలూ కలిస్తే చదివే కన్ను మధ్యలో మొదలుపెట్టి ఇరువైపులా పరుగెత్తాలి.

## 4. ప్రాధాన్య క్రమం

ఇక్కడ జరిగే పొరపాట్లు దోషాలుగా కనబడవు, తప్పు జవాబులుగా కనబడతాయి. ఈ చిన్న ముక్క చూడండి:

```
4 + 5 |> వర్గమూలం()
```

ఎలిక్సిర్‌లో దీనికి సమానమైనది రాస్తే జవాబు 3, ఎందుకంటే అక్కడ కూడిక ముందు జరుగుతుంది. ఆర్‌లో రాస్తే జవాబు సుమారు 6.236. అక్కడ పైపు కూడిక కన్నా, గుణకారం కన్నా గట్టిగా అంటుకుంటుంది కాబట్టి అది `4 + వర్గమూలం(5)` అవుతుంది. రెండు భాషలూ ఫిర్యాదు చేయవు.

రెండో వల పోలికల దగ్గర ఉంది. ఓకామల్, ఎఫ్ షార్ప్ భాషల్లో ఆపరేటర్ ఏ అక్షరంతో మొదలవుతుందన్నదాన్ని బట్టి దాని ప్రాధాన్యం నిర్ణయమవుతుంది. `|`తో మొదలైనందుకు `|>` పోలిక ఆపరేటర్ల అంతస్తులోనే పడింది. దాంతో సమానతను పరీక్షించే ఈ రాత

```
ఆశించినది = జాబితా |> మొత్తం
```

`(ఆశించినది = జాబితా) |> మొత్తం` అని చీలుతుంది. టైపులు సరిచూసే భాష కాబట్టి సాధారణంగా అక్కడే పట్టుబడుతుంది. మీ భాషలో టైపు తనిఖీ లేకపోతే ఒక నిజం-అబద్ధం విలువ `మొత్తం`లోకి వెళ్లిపోతుంది, దోషం మరెక్కడో పేలుతుంది.

నేను సూచించే క్రమం ఇది. పైన ఉన్నది గట్టిగా అంటుకుంటుంది:

1. కాల్, చుక్క, సూచిక
2. ముందు వచ్చే మైనస్, 'కాదు'
3. గుణకారం, భాగహారం
4. కూడిక, తీసివేత
5. పరిధి, ఉదాహరణకు `1..10`
6. `|>`, ఎడమ నుంచి గుంపు కడుతూ
7. పోలికలు
8. 'మరియు', 'లేదా'
9. లాంబ్డా, షరతు
10. విలువ కేటాయింపు

పరిధి ఆపరేటర్‌ను పైపు కన్నా పైన పెట్టడం మరవకండి. `1..10 |> మొత్తం()` అని రాసినవారు 55 ఆశిస్తారు. ఎలిక్సిర్, జూలియా, ఆర్ మూడూ, మిగతా చోట ఎంత విభేదించినా, ఇక్కడ ఒకే మాట మీద ఉన్నాయి.

ఎడమ గుంపు గురించి చర్చ అనవసరం. `క |> చ() |> ట()` అంటే `(క |> చ()) |> ట()`. కుడి గుంపు పెడితే 2.2 పద్ధతిలో అర్థమే లేదు.

## 5. పంక్తి విరుపు

సెమికోలన్ ఉన్న భాషలో ఇక్కడ పని లేదు, తర్వాతి అంశానికి వెళ్లండి. పంక్తితో వాక్యం ముగిసే భాషలో మాత్రం ఇది రోజూ తగిలే సమస్య.

ఆర్‌లో పంక్తి చివర `|>` పెట్టాలి. పంక్తి మొదట పెడితే పై పంక్తి అప్పటికే పూర్తయిన వాక్యం కాబట్టి గొలుసు తెగుతుంది. గో భాషలో పంక్తి చివర లెక్సర్ సెమికోలన్ చేరుస్తుంది. అందుకే అక్కడ చుక్క గొలుసుల్లో చుక్క పంక్తి చివరే ఉండాలి. ఎలిక్సిర్, ఎల్మ్ కోడ్‌లో ఆపరేటర్ పంక్తి మొదట ఉంటుంది.

చదవడానికి పంక్తి మొదటే మేలు. ఎడమ అంచున ఆపరేటర్లు నిలువుగా ఒక గీతలో ఉంటాయి, ఏ పంక్తి గొలుసులో భాగమో చూడగానే తెలుస్తుంది. చివరి అంచెను కామెంట్ చేసినా కోడ్ చెల్లుతుంది. ఆపరేటర్ పంక్తి చివర ఉంటే, ఆఖరి అంచె తీసేసిన ప్రతిసారీ పై పంక్తిలో వేలాడే `|>`ను కూడా తీసేయాలి.

లెక్సర్‌లో అమలు ఇలా:

1. కొత్త పంక్తి టోకెన్ పంపే ముందు ఆగండి.
2. ఖాళీలను, ఖాళీ పంక్తులను, కామెంట్లను దాటి తర్వాతి అసలు టోకెన్ చూడండి.
3. అది `|>` అయితే కొత్త పంక్తి టోకెన్‌ను వదిలేయండి.
4. కాకపోతే ఎప్పటిలా పంపండి.
5. ప్రస్తుత పంక్తి `|>`తో ముగిసినా కొత్త పంక్తిని వదిలేయండి. రెండు శైలులూ చెల్లాలి, ఒకటి ఎంచడం ఫార్మాటర్ (కోడ్‌ను ఒకే శైలిలో తిరిగి రాసే పనిముట్టు) పని.

రెండో మెట్టులో కామెంట్లను దాటడం చాలామంది మరచిపోతారు. మధ్య అంచెను తాత్కాలికంగా కామెంట్ చేయగానే గొలుసు విరిగి, దానికి సంబంధం లేని దోషం వస్తుంది.

ఇంటరాక్టివ్ షెల్‌లో ఈ ముందుచూపు కుదరదు. వాడుకరి ఎంటర్ నొక్కగానే జవాబు చూపాలి కదా. దీనికి ఎలిక్సిర్ షెల్ మంచి దారి చూపింది: కొత్త పంక్తి `|>`తో మొదలైతే, అంతకుముందు వచ్చిన ఫలితాన్ని దానికి ఎడమవైపున పెట్టుకుంటుంది.

## 6. గొలుసు మధ్యలో లాంబ్డా

లాంబ్డా శరీరం కుడివైపు ఎంత దూరమైనా సాగడం చాలా భాషల్లో ఉన్న నియమం. కుడివైపు ఫంక్షన్ విలువ ఉండే 2.1 పద్ధతిలో దాని ఫలితం చూడండి:

```
క |> (మ) => మ + 1 |> ముద్రించు
```

ఇది నిజానికి `క |> ((మ) => (మ + 1 |> ముద్రించు))`. రెండో పైపు లాంబ్డా కడుపులోకి వెళ్లింది. చిత్రం ఏమిటంటే జవాబు మారదు, కాబట్టి ఎవరూ గమనించరు. లాంబ్డాలో షరతు వచ్చిన రోజున బయటపడుతుంది:

```
క |> (మ) => మ > 0 అయితే మ లేకుంటే 0 |> ముద్రించు
```

ఇప్పుడు `ముద్రించు` 'లేకుంటే' శాఖకు మాత్రమే వర్తిస్తుంది. ధన సంఖ్య ఇస్తే ఏమీ ముద్రణ కాదు. ఓకామల్‌లో బ్రాకెట్లు లేకుండా రాస్తే గుంపు సరిగ్గా ఇలాగే కడుతుంది.

పరిష్కారం సులువు: అంచెగా వచ్చే లాంబ్డాకు బ్రాకెట్లు తప్పనిసరి చేయండి. పీహెచ్‌పీ 8.5 బాణం ఫంక్షన్ల విషయంలో అదే చేసింది. 2.2 పద్ధతి ఎంచుకున్నవారు లాంబ్డాను అంచెగా అసలు రానివ్వకుండా, `అప్పుడు((మ) => ...)` లాంటి ఒక లైబ్రరీ ఫంక్షన్ ఇస్తే చాలు. ఎలిక్సిర్ 1.12లో ఆ పనికే 'దెన్' వచ్చింది.

## 7. లోపలి రూపానికి దించడం

ఆపరేటర్‌ను మామూలు ఫంక్షన్‌గా లైబ్రరీలో రాయవచ్చు, లేదా పార్సర్ దశలోనే కాల్‌గా మార్చేయవచ్చు. 2.2, 2.4 పద్ధతులకు రెండోదే దారి. 2.1కి రెండూ కుదురుతాయి, అయినా పార్సర్ దశలో మార్చడమే నయం. లేకపోతే దోషం వచ్చినప్పుడు కాల్ స్టాక్ (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే వరుస) నిండా ప్రతి అంచెకూ ఒక `|>` వరుస కనబడుతుంది. ఆర్ సొంత పైపు పార్సింగ్ అయ్యేసరికే మామూలు కాల్‌గా మారిపోతుంది, స్టాక్‌లో దాని జాడే ఉండదు.

మార్చేటప్పుడు అక్షరాలా అతికిస్తే రెండు ప్రమాదాలు. మొదటిది `_` రెండుసార్లు వచ్చినప్పుడు:

```
యాదృచ్ఛికం() |> జత(_, _)
```

అతికిస్తే `జత(యాదృచ్ఛికం(), యాదృచ్ఛికం())` అవుతుంది. ఒకే సంఖ్య రెండుసార్లు రావాల్సిన చోట రెండు వేర్వేరు సంఖ్యలు వస్తాయి.

రెండోది అమలు క్రమం. `చదువు() |> కలుపు(అడుగు(), _)` అన్నదాన్ని అతికిస్తే `కలుపు(అడుగు(), చదువు())`. ఆర్గ్యుమెంట్లు ఎడమ నుంచి లెక్కగట్టే భాషలో `అడుగు` ముందు నడుస్తుంది, కోడ్ చదివినవారు మాత్రం `చదువు` ముందు నడిచిందనుకుంటారు. చివర చొప్పించే పద్ధతిలో ఇది ప్రతి గొలుసులోనూ పొంచి ఉంటుంది.

రెండిటికీ మందు ఒకటే. ఎడమవైపు విలువను ముందు ఒక దాచిన పేరులోకి తీసుకుని, ఆ పేరును చొప్పించండి. ఎడమవైపు ఉన్నది మామూలు పేరో స్థిర విలువో అయితే ఆ శ్రమ అక్కర్లేదు. దాచిన పేరు వాడుకరి పేర్లతో ఢీకొనకుండా, మూల కోడ్‌లో రాయలేని అక్షరం ఒకటి అందులో పెట్టండి.

మారిన ప్రతి కాల్‌కూ మూల కోడ్‌లోని పంక్తి, నిలువు స్థానం, అంచె సంఖ్య అతికించి ఉంచండి. తర్వాత దోష సందేశాలకు ఇవే కావాలి.

## 8. వైఫల్యం, లేని విలువ, అవెయిట్

మామూలు పైపుకు ఈ బరువు మోపకండి. నల్ (లేని విలువ) వస్తే `|>` తనంతట తాను మిగతా అంచెలు దాటేసేలా పెట్టాలని కొందరు ఉబలాటపడతారు. అప్పుడు ఫలితం ఎందుకు ఖాళీగా వచ్చిందో, ఏ అంచెలో ఆగిందో తెలుసుకునే దారి ఉండదు. క్లోజర్ ఆ పనికి `some->` పేరుతో వేరే గొలుసు రూపం పెట్టుకుంది, మామూలు `->` జోలికి పోలేదు.

వైఫల్యాలు విలువలుగా వచ్చే భాషలో కాల్ తర్వాత వచ్చే గుర్తు గొలుసుతో చక్కగా కలుస్తుంది. రస్ట్‌లోని `?` అలాంటిదే. ఎడమ నుంచి కుడికి చదువుతుంటే ఎక్కడ బయటికి వెళ్లిపోయే వీలుందో అక్కడే కనబడుతుంది. అవెయిట్‌ను (తర్వాత వచ్చే ఫలితం కోసం ఆగడాన్ని) కూడా రస్ట్ 2019లో `.` తర్వాత వచ్చే రూపంలోనే తెచ్చింది. ముందు వచ్చే అవెయిట్ ఉన్న భాషలో గొలుసు మధ్యలో ఆగాలంటే వెనక్కి వెళ్లి బ్రాకెట్ తెరవాలి.

## 9. దోష సందేశాలు, డీబగ్గింగ్

వాడుకరి రాసింది గొలుసు. కంపైలర్ చూపించేది కూడా గొలుసే కావాలి. ఇలా చెప్పకండి:

```
దోషం: వడకట్టు(లెక్కించు(విడగొట్టు(వాక్యం, " ")), పొడుగైనది)
1వ ఆర్గ్యుమెంట్ టైపు కుదరలేదు
```

ఆ పొదిగిన రూపం వాడుకరి ఎప్పుడూ రాయలేదు. పైగా '1వ ఆర్గ్యుమెంట్' అంటే ఆయన కంటికి కనిపించేది `పొడుగైనది`. దాన్ని పట్టుకుని అరగంట వెతుకుతారు. ఇలా చెప్పండి:

```
12వ పంక్తి: 3వ అంచె 'వడకట్టు'కు జాబితా కావాలి.
2వ అంచె 'లెక్కించు' పూర్ణాంకం ఇచ్చింది.
```

టైపులను ఊహించే భాష అయితే, ఆ ఊహ గొలుసు దిశలోనే నడిచేలా చూడండి. ఎఫ్ షార్ప్‌లో జాబితాను పైపు ఎడమవైపున పెడితే, లాంబ్డాలోని చుక్క తర్వాత పేరును కంపైలర్ గుర్తుపడుతుంది. జాబితా చివరి ఆర్గ్యుమెంట్‌గా ఉన్న మామూలు కాల్‌లో అదే లాంబ్డాకు టైపు తెలియదని ఆగిపోతుంది.

మధ్యలో తొంగి చూడటానికి, విలువను మార్చకుండా దాటించే ఒక ఫంక్షన్‌ను మొదటి విడుదలలోనే ఇవ్వండి. ఎలిక్సిర్‌లో అది 'ట్యాప్'. అదే భాషలో 1.14తో వచ్చిన డీబగ్ మాక్రోను గొలుసు చివర పెడితే ప్రతి అంచె ఫలితాన్నీ విడివిడిగా ముద్రిస్తుంది. మీ లోపలి రూపంలో అంచె సంఖ్యలు ఉంటే ఇది కష్టం కాదు.

## 10. విడుదలకు ముందు పరీక్ష

- [ ] `4 + 5 |> వర్గమూలం()` → 3
- [ ] `-5 |> పరమమూల్యం()` → 5
- [ ] `1..10 |> మొత్తం() == 55` → నిజం
- [ ] `55 == 1..10 |> మొత్తం()` → నిజం. పై పరీక్ష నెగ్గి ఇది ఓడితే పోలికలూ పైపూ ఒకే అంతస్తులో ఉన్నట్టు.
- [ ] మధ్య అంచె కామెంట్‌లో ఉన్న నాలుగు పంక్తుల గొలుసు
- [ ] బ్రాకెట్లు లేని అంచె (2.2 పద్ధతిలో), బ్రాకెట్లు లేని లాంబ్డా: రెండూ స్పష్టమైన దోషం ఇవ్వాలి
- [ ] పార్స్ చేసి, ఫార్మాటర్‌తో తిరిగి రాసి, మళ్లీ పార్స్ చేస్తే అదే వాక్యనిర్మాణ చెట్టు రావాలి

తర్వాత మనుషులతో పరీక్ష. మీ భాష తెలియని ప్రోగ్రామర్‌కు ఒకటో అంశంలో ఏరిన ముక్కలు ఇచ్చి, వివరణ ఏమీ చెప్పకుండా, ఒక్కోటి ఏ జవాబు ఇస్తుందో రాయమనండి. బాగుందా అని అడగకండి, మొహమాటానికి బాగుందనే అంటారు. తప్పు రాసిన ముక్కలే మీకు కావాలి.

## 11. విడుదల తర్వాత వచ్చే ఫిర్యాదులు, మరమ్మతులు

"గొలుసులు మరీ పొడవైపోయాయి." సమస్య పొడవు కాదు, మధ్యలో డేటా స్వరూపం మారిపోవడం. జాబితా కాస్తా పట్టిక, పట్టిక కాస్తా సంఖ్య అయిన చోట గొలుసును తెంచి పేరు పెట్టమని శైలి సూచనల్లో రాయండి.

"ఒక్క అంచెకు కూడా పైపు వాడుతున్నారు." `పేరు |> శుభ్రపరచు()` కన్నా `శుభ్రపరచు(పేరు)` పొట్టి. దీనికి హెచ్చరికను లింటర్‌లో (శైలి తప్పులు పట్టే పనిముట్టులో) పెట్టండి, కంపైలర్‌లో వద్దు.

"ఈ లైబ్రరీ ఫంక్షన్ గొలుసులో ఇమడటం లేదు." ఆర్గ్యుమెంట్ల క్రమం తప్పిన ఫంక్షన్ అది. దాని కోసం ఆపరేటర్‌కు మినహాయింపు చేర్చకండి. సరైన క్రమంతో కొత్త పేరు ఇచ్చి, పాతదాన్ని మెల్లగా సాగనంపండి.

"ప్రాధాన్యం తప్పు పెట్టారు." ఇదొక్కటే నిజంగా బాధించేది. నేరుగా మార్చేస్తే పాత ప్రోగ్రాములు దోషం లేకుండానే వేరే జవాబులు ఇస్తాయి. ముందు ఒక విడుదలలో, పైపునూ వివాదం ఉన్న ఆపరేటర్‌నూ బ్రాకెట్లు లేకుండా కలిపిన ప్రతి చోటా హెచ్చరిక ఇవ్వండి. ఫార్మాటర్ చేత పాత అర్థం ప్రకారం ఆ బ్రాకెట్లు పెట్టించండి. తర్వాతి విడుదలలో ఆ కలయికను దోషం చేయండి. ఆ పైనే కొత్త క్రమాన్ని అమలు చేయండి. చాలామందికి మూడో మెట్టు అవసరం పడదు. బ్రాకెట్లు తప్పనిసరి అయ్యాక ఎవరూ ఫిర్యాదు చేయకపోతే అక్కడే ఆపేయండి.